షాపులో బాగుంటుంది, ఆఫీసులో మొరాయిస్తుంది: ఒక డెస్క్‌టాప్ కేసు

ఒక అకౌంట్స్ ఆఫీసులో ఆరేళ్లుగా నడుస్తున్న డెస్క్‌టాప్. ఇంటెల్ కోర్ ఐ3 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, 240 జీబీ సాటా ఎస్‌ఎస్‌డి, విండోస్ 10. దీని మీద ఫిర్యాదులు రెండు. కొన్ని రోజులు పొద్దున ఆన్ చేయగానే ‘ఇన్‌యాక్సెసిబుల్ బూట్ డివైస్’ అంటూ బ్లూ స్క్రీన్ వస్తుంది. సరిగ్గా బూట్ అయిన రోజుల్లోనేమో పని మధ్యలో ఉన్నట్టుండి బిగుసుకుపోతుంది. అర నిమిషమో నిమిషమో కదలదు, తర్వాత ఏమీ జరగనట్టే మళ్లీ నడుస్తుంది.

అప్పటికే దీనికి చాలా వైద్యం జరిగింది. విండోస్ మళ్లీ వేశారు. ర్యామ్ 4 జీబీ నుంచి 8కి పెంచారు. పాత హార్డ్ డిస్క్ తీసేసి ఎస్‌ఎస్‌డి బిగించారు. యాంటీవైరస్ మార్చారు, అది చాలదన్నట్టు ‘పీసీ స్పీడ్ పెంచుతాం’ అనే బాపతు సాఫ్ట్‌వేర్లు రెండు ఎక్కించారు. ప్రతిసారీ సర్వీస్ టేబుల్ మీద గంటల తరబడి నడిపి చూస్తే ఏ తేడా కనబడలేదు. ఆఫీసుకు తిరిగొచ్చాక మళ్లీ అదే తంతు.

ఒకచోట బాగుండి, సొంత చోట మాత్రమే మొరాయించే మెషిన్ విషయంలో మొదట తేల్చుకోవాల్సింది ఆ రెండు చోట్లకూ తేడా ఏమిటన్నదే. కరెంటు ఎలా వస్తోంది, స్విచ్ ఎప్పుడు ఆపేస్తున్నారు, క్యాబినెట్ డోరు మూసి ఉందా తెరిచి ఉందా, ఏ సమయానికి ఏ పని చేస్తున్నారు. ఈ మెషిన్‌కు ఉన్నవి రెండు వేర్వేరు జబ్బులు, ఒకదానికీ మరొకదానికీ సంబంధం లేదు. కానీ రెండూ సర్వీస్ టేబుల్ ఎక్కగానే మాయమయ్యే రకం.

ముందు అడగాల్సినవి

బ్లూ స్క్రీన్ ఎప్పుడొస్తుందని అడిగితే ‘దానికి ఎప్పుడు బుద్ధి పుడితే అప్పుడు’ అనే జవాబే వచ్చింది. ఇంకాస్త కదిపితే సోమవారాలు, సెలవు మర్నాళ్లు ఎక్కువని తేలింది. సాయంత్రం వెళ్లేటప్పుడు ఏం చేస్తారంటే, షట్ డౌన్ చేసి గోడ దగ్గర స్విచ్ కూడా కట్టేస్తామన్నారు. మంచి అలవాటే. కాకపోతే సర్వీస్ టేబుల్ మీద మెషిన్‌కు రాత్రింబవళ్లు కరెంటు అందుతూనే ఉంటుంది.

మానిటర్ అంచుకు ఒక చీటీ అంటించి ఉంది: ‘ఎఫ్2, స్టోరేజ్, సాటా మోడ్, ఏహెచ్‌సీఐ, ఎఫ్10’. బ్లూ స్క్రీన్ వచ్చిన రోజు ఈ వరుసలో నొక్కితే మెషిన్ లేస్తుంది. అంటే బయోస్‌లో (విండోస్ కంటే ముందు మొదలై మెషిన్‌ను లేపే ప్రోగ్రామ్) సాటా మోడ్ (బోర్డు డిస్క్‌తో మాట్లాడే పద్ధతి) దానంతటదే మారిపోతోందని ఎవరో కనిపెట్టారు. ఎందుకు మారుతోందన్నది మాత్రం వదిలేశారు.

ఆ రోజుల్లో తేదీ సరిగానే ఉంటుందా అన్న ప్రశ్నకు వచ్చిన జవాబుతో సగం కేసు తేలిపోయింది: ‘ఉండదండీ, అదీ మార్చుకోవాలి. బ్రౌజర్ తెరిస్తే మీ గడియారం తప్పు అంటుంది.’ గోడ స్విచ్ కట్టాక తేదీ పోతోంది, బయోస్ సెట్టింగూ పోతోంది. ఈ రెండింటినీ కరెంటు లేనప్పుడు కాపాడేది మదర్‌బోర్డు మీద ఉండే బిళ్ల బ్యాటరీ (సీమాస్ బ్యాటరీ) ఒక్కటే.

సీమాస్ బ్యాటరీ

గోడ స్విచ్ ఆన్‌లో ఉన్నంతసేపు, మెషిన్ షట్ డౌన్ అయి ఉన్నా సరే, పవర్ సప్లై నుంచి 5 వోల్టుల స్టాండ్‌బై కరెంటు బోర్డుకు అందుతూనే ఉంటుంది. గడియారం దాని మీదే నడుస్తుంది, బ్యాటరీ జోలికి దాదాపు పోదు. గోడ దగ్గర కట్టేసిన క్షణం నుంచి ఆ భారమంతా సీఆర్2032 బిళ్ల మీద పడుతుంది. 3 వోల్టులు, 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మిల్లీమీటర్ల మందం. రోజూ స్విచ్ కట్టే చోట ఈ బిళ్ల త్వరగా ఖాళీ అవుతుంది, ఎప్పుడూ కరెంటు ఉండే చోట అదే బిళ్ల ఏళ్లకేళ్లు వస్తుంది.

ఇప్పటి బోర్డుల్లో బయోస్ సెట్టింగులు ఫ్లాష్ చిప్‌లో ఉండొచ్చు. అయినా గడియారానికి పవర్ పోయిందని గుర్తించగానే వాటిని పక్కన పెట్టి ఫ్యాక్టరీ డిఫాల్ట్‌కు వెళ్లిపోయే బోర్డులు చాలానే ఉన్నాయి. ఇదీ అలాంటిదే. దీని డిఫాల్ట్ సాటా మోడ్ రైడ్ (పలు డిస్కులను కలిపి వాడటానికి ఉద్దేశించిన పద్ధతి). విండోస్ వేసినప్పుడు ఉన్నది ఏహెచ్‌సీఐ. బూట్ అయ్యేటప్పుడు ఏ స్టోరేజ్ డ్రైవర్ ఎక్కించాలో విండోస్ ముందే రాసిపెట్టుకుంటుంది. మోడ్ మారితే ఆ డ్రైవర్‌కు డిస్క్ అందదు, స్టాప్ కోడ్ 7బీతో ఆగిపోతుంది. డిస్క్ పోయిందేమోనన్న భయంతో కొత్తది కొనేవాళ్లూ, విండోస్ మళ్లీ వేసేవాళ్లూ ఉన్నారు. ఎస్‌ఎస్‌డిలో ఏ లోపమూ లేకుండానే ఈ బ్లూ స్క్రీన్ వస్తుందని గుర్తుంచుకోండి.

కొన్ని బోర్డులు ఇలాంటప్పుడు ‘సీమాస్ చెక్‌సమ్ ఎర్రర్, ఎఫ్1 నొక్కండి’ అని చెప్తాయి. ఇక్కడ బూట్ లోగో తెర నిండా ఉండటం వల్ల ఆ మాట ఎవరికీ కనబడలేదు. బయోస్‌లో ఫుల్ స్క్రీన్ లోగో, ఫాస్ట్ బూట్ ఆపేసి ఉంచితే ఇలాంటి హెచ్చరికలు చదవడానికి వీలవుతుంది.

సాక్ష్యం విండోస్ లోపలే ఉంది. విండోస్+ఎక్స్ నొక్కి ఈవెంట్ వ్యూయర్ (విండోస్ తనలో జరిగినవి రాసుకునే చిట్టా) తెరిచి, విండోస్ లాగ్స్ కింద సిస్టమ్‌కు వెళ్లాలి. కెర్నల్-జనరల్ అనే సోర్స్ నుంచి వచ్చే ఈవెంట్ 12 విండోస్ ఏ సమయానికి మొదలైందో చెప్తుంది. ఈవెంట్ 1 గడియారం ఎక్కడి నుంచి ఎక్కడికి మారిందో చెప్తుంది. ఇక్కడ ఈవెంట్ 12లో 2018 జనవరి 1 అని ఉంది. దాని తర్వాత కొన్ని నిమిషాలకే ఈవెంట్ 1, 2018 నుంచి అసలు తేదీకి ఒక్క గెంతు. అది ఆఫీసువాళ్లు చేత్తో తేదీ మార్చిన క్షణం.

ఇక్కడో తిరకాసు ఉంది. ఫిల్టర్‌లో ‘గత 7 రోజులు’ అని పెడితే 2018 తేదీతో పడిన వరుసలన్నీ జాబితాలోంచి ఎగిరిపోతాయి, వాటి తేదీ పాతది కదా. తేదీ కాలమ్ మీద క్లిక్ చేసినా అవి అట్టడుక్కి పోతాయి. గడియారం మీద అనుమానం ఉన్నప్పుడు సమయాన్ని ‘ఎనీ టైమ్’గా వదిలేసి ఈవెంట్ నంబరుతోనే ఫిల్టర్ చేయాలి.

ఇంటర్నెట్ ఉంది కదా, తేదీ దానంతటదే సరికావాలి కదా అనిపిస్తుంది. డొమైన్‌లో (ఆఫీసు మెషిన్ల లాగిన్‌లన్నీ ఒక సర్వర్ చూసుకునే ఏర్పాటు) లేని విండోస్ మెషిన్‌లో తేడా 15 గంటలు (54,000 సెకన్లు) దాటితే టైమ్ సర్వీస్ మామూలు సెట్టింగులతో దాన్ని సరిదిద్దదు. కాబట్టి ముందు చేత్తో దరిదాపు తేదీ, సమయం పెట్టి, ఆ తర్వాత సెట్టింగ్స్‌లో ‘సింక్ నౌ’ నొక్కాలి. తేదీ చూసుకోకుండా పనిలో దిగితే అకౌంట్స్‌లో వోచర్లు 2018 పేరిట పడతాయి, బ్రౌజర్లో ఏ సురక్షిత సైటూ తెరుచుకోదు. డొమైన్ ఉన్న ఆఫీసుల్లోనైతే 5 నిమిషాలకు మించిన తేడాకే లాగిన్ తిరస్కరించే అవకాశం ఉంది.

బ్యాటరీని మల్టీమీటర్‌తో 20 వోల్టుల డీసీ రేంజ్‌లో కొలవాలి. పవర్ కార్డు తీసేసి, బిళ్ల సాకెట్‌లో ఉండగానే. బయటకు తీసి కొలిస్తే లోడు ఉండదు కనుక ఉన్నదానికంటే బాగా కనబడుతుంది. కొత్త బిళ్ల 3 నుంచి 3.3 వోల్టుల మధ్య చూపిస్తుంది. ఇది 2.3 చూపించింది. 2.8 కిందికి వచ్చిన బిళ్లను ఇంకా లాగడంలో అర్థం లేదు. మల్టీమీటర్ లేకపోతే ఇంకో దారి: బయోస్‌లో సమయం సరిచేసి, సేవ్ చేసి, షట్ డౌన్ చేసి రాత్రంతా గోడ స్విచ్ కట్టి ఉంచండి. పొద్దున విండోస్‌కు వెళ్లనీయకుండా నేరుగా బయోస్ తెరిచి ఫోన్ గడియారంతో పోల్చండి. విండోస్ తెరుచుకుంటే అది ఇంటర్నెట్ నుంచి సమయం సరిచేసుకుని సాక్ష్యం చెరిపేయొచ్చు. ఒకటి రెండు సెకన్ల తేడా మామూలే. నిమిషాలు పోతే బిళ్ల పనైపోయినట్టే.

మార్చే ముందు బయోస్‌లోని ప్రతి పేజీని ఫోన్‌తో ఫొటో తీయండి, ముఖ్యంగా సాటా మోడ్, బూట్ మోడ్, బూట్ వరుస, సెక్యూర్ బూట్. బిట్‌లాకర్ (డిస్క్‌లోని డేటాకు విండోస్ వేసే తాళం) ఆన్‌లో ఉంటే కంట్రోల్ ప్యానెల్ నుంచి దాన్ని సస్పెండ్ చేసి, 48 అంకెల రికవరీ కీ ఆ మెషిన్‌లో కాకుండా వేరేచోట ఉందని చూసుకోవాలి. బయోస్ సెట్టింగులు మారితే బిట్‌లాకర్ ఆ కీ అడుగుతుంది, లేకపోతే డేటా అందదు. ఈ ఒక్క జాగ్రత్త మర్చిపోతే చిన్న బిళ్ల కోసం పోయి మొత్తానికే ఎసరు తెచ్చుకున్నట్టవుతుంది.

షిఫ్ట్ నొక్కి ఉంచి షట్ డౌన్ క్లిక్ చేస్తే పూర్తిగా ఆగుతుంది (ఫాస్ట్ స్టార్టప్ ఉన్న విండోస్‌లో మామూలు షట్ డౌన్ సగం నిద్ర లాంటిది). పవర్ కార్డు పీకి, పవర్ బటన్‌ను కొన్ని సెకన్లు నొక్కి ఉంచితే లోపల మిగిలిన కరెంటు ఖాళీ అవుతుంది. క్యాబినెట్‌లో రంగు వేయని ఇనుప భాగాన్ని ఓసారి ముట్టుకుని, సాకెట్ పక్కనున్న చిన్న క్లిప్‌ను వెనక్కి నొక్కితే బిళ్ల పైకి లేస్తుంది. కొత్తది ప్లస్ గుర్తు పైకి ఉండేలా పెట్టాలి. సీఆర్2025 కూడా 3 వోల్టులే కానీ మందం 2.5 మిల్లీమీటర్లే, సాకెట్‌లో వదులుగా కూర్చుని రేపో మాపో ఇదే బాధ మళ్లీ తెస్తుంది. ఎల్‌ఐఆర్2032 అనే చార్జింగ్ రకం అసలే వద్దు, దాని వోల్టేజీ వేరు.

తర్వాత బయోస్‌లో తేదీ, సమయం, సాటా మోడ్ సరిచేసి ఎఫ్10తో సేవ్ చేశారు. సెలవులతో కలిసి గోడ స్విచ్ కట్టి ఉంచాక కూడా గడియారం నిలిచింది, బ్లూ స్క్రీన్ రాలేదు.

బయోస్ డిఫాల్ట్ మోడ్‌కే విండోస్‌ను అలవాటు చేయాలనుకునేవాళ్లకు ఒక దగ్గరి దారి ఉంది. విండోస్+ఆర్ నొక్కి ‘ఎంఎస్ కాన్ఫిగ్’ తెరిచి, బూట్ ట్యాబ్‌లో సేఫ్ బూట్ టిక్ పెట్టి రీస్టార్ట్ చేయాలి. నేరుగా బయోస్‌లోకి వెళ్లి మోడ్ మార్చి సేవ్ చేయాలి. సేఫ్ మోడ్‌లో విండోస్ తనకు తెలిసిన స్టోరేజ్ డ్రైవర్లన్నీ ప్రయత్నిస్తుంది కనుక సరైనది పట్టుకుంటుంది. లోపలికి వెళ్లాక ఆ టిక్ తీసేసి మళ్లీ రీస్టార్ట్ చేస్తే సరి. అకౌంట్ పాస్‌వర్డ్ చేతిలో ఉంచుకోండి, సేఫ్ మోడ్‌లో పిన్ పనిచేయకపోవచ్చు.

బిగుసుకుపోయినప్పుడు ఏం బతికుంది?

బ్యాటరీ మార్చాక పొద్దుటి గొడవ పోయింది, మధ్యాహ్నం గొడవ అలాగే ఉంది. రెండూ ఒకే జబ్బు అనుకుని ఉంటే ‘బ్యాటరీ మార్చినా తగ్గలేదు’ అని మళ్లీ మొదటికి వచ్చేవాళ్లం.

మెషిన్ బిగుసుకుపోయిన క్షణంలో చేయాల్సిన పరీక్ష చాలా చిన్నది. క్యాప్స్ లాక్ నొక్కండి. కీబోర్డు మీద లైటు మారుతుంటే విండోస్ కెర్నల్ ఇంకా వింటోంది. లైటు కూడా మారకపోతే అది పూర్తి స్తంభన, అప్పుడు ర్యామ్, పవర్ సప్లై, డ్రైవర్ల వైపు చూడాలి. పాట వినబడుతూ తెర మాత్రం గడ్డకడితే విండోస్+కంట్రోల్+షిఫ్ట్+బీ నొక్కండి. గ్రాఫిక్స్ డ్రైవర్ రీసెట్ అవుతుంది, ఒక బీప్‌తో తెర ఒక్కసారి మిణుకుమంటుంది. తెర తిరిగి కదిలితే దోషం గ్రాఫిక్స్ వైపు.

ఇక్కడ క్యాప్స్ లాక్ లైటు మారుతోంది. మౌస్ కదులుతోంది. అప్పటికే తెరిచి ఉన్న ఎక్సెల్‌లో సెల్ నుంచి సెల్‌కు వెళ్లొచ్చు, అంకెలు టైప్ చేయొచ్చు. సేవ్ నొక్కితే ఆగిపోతుంది, స్టార్ట్ మెనూ తెరిస్తే ఆగిపోతుంది. ర్యామ్‌లో ఉన్న పనంతా నడుస్తోంది, డిస్క్ అవసరమైన ప్రతి పనీ క్యూలో నిలబడుతోంది.

టాస్క్ మేనేజర్ కంట్రోల్+షిఫ్ట్+ఎస్కేప్‌తో వస్తుంది. అయితే మెషిన్ ఆగిపోయాక నొక్కితే అది కూడా డిస్క్ మీంచే రావాలి కనుక రాదు. పొద్దుటే తెరిచి, పర్ఫార్మెన్స్ ట్యాబ్‌లో డిస్క్ ఎంచుకుని, కిందికి దించి ఉంచాలి. బిగుసుకున్నప్పుడు అందులో కనబడింది ఇదీ: యాక్టివ్ టైమ్ 100 శాతం, రీడ్ స్పీడ్ సున్నా, రైట్ స్పీడ్ సున్నా, యావరేజ్ రెస్పాన్స్ టైమ్ వేల మిల్లీసెకన్లు. బాగున్న ఎస్‌ఎస్‌డి మామూలు ఆఫీసు పనిలో ఒకటి రెండు మిల్లీసెకన్లలో బదులిస్తుంది.

ఈ నాలుగు అంకెలనూ కలిపి చదవాలి. 100 శాతంతో పాటు స్పీడ్ కూడా ఎక్కువగా ఉంటే డిస్క్ నిజంగా పనిచేస్తోంది. ఏ ప్రోగ్రామ్ తినేస్తోందో రిసోర్స్ మానిటర్‌లో వెతకాలి: అప్‌డేట్, యాంటీవైరస్ స్కాన్, ఇండెక్సింగ్. 100 శాతం ఉండి స్పీడ్ సున్నా అయితే డిస్క్ పనిచేయడం లేదు, విండోస్ జవాబు కోసం కాచుకుని కూర్చుంది. ‘డిస్క్ 100 శాతం’ అని చూడగానే సర్వీసులు ఆపేయమని సలహా ఇచ్చేవాళ్లు ఈ తేడా చూడరు. ఈ మెషిన్‌లోనూ సెర్చ్ ఇండెక్సింగ్ ఆపేసి ఉంచారు. దానివల్ల ఫైళ్లు వెతకడం కష్టమైంది తప్ప ఒరిగిందేమీ లేదు.

మళ్లీ ఈవెంట్ వ్యూయర్. ఈసారి ఈవెంట్ 129, సోర్స్ స్టోర్‌ఏహెచ్‌సీఐ: డివైస్‌కు రీసెట్ పంపామని. ఈవెంట్ 153, సోర్స్ డిస్క్: ఫలానా బ్లాక్ దగ్గర పనిని మళ్లీ ప్రయత్నించామని. ఆఫీసువాళ్లు చెప్పిన సమయాలకూ వీటికీ నిమిషం తేడా లేదు. ఇవి రెండూ పసుపు త్రికోణంతో ‘వార్నింగ్’ కింద పడతాయి, ఎర్రటి ‘ఎర్రర్’ కింద కాదు. ఎర్రర్లు మాత్రమే ఫిల్టర్ చేసేవాళ్లకు కనబడవు.

‘క్రిటికల్’ కింద బోలెడన్ని కెర్నల్-పవర్ 41లు ఉన్నాయి. వాటిని చూసి పవర్ సప్లై మార్చమని సలహా కూడా వచ్చింది. 41కి అర్థం ముందుసారి విండోస్ పద్ధతిగా మూతపడలేదని, అంతకు మించి ఏమీ లేదు. బిగుసుకున్నప్పుడు విసుగెత్తి పవర్ బటన్ నొక్కి పట్టుకుని ఆపేసిన ప్రతిసారీ అది పడుతుంది.

ఎస్‌ఎస్‌డి పాడైందా, దారి పాడైందా?

ఇది తేల్చడానికి స్మార్ట్ విలువలు (డిస్క్ తన ఆరోగ్యం గురించి తనే రాసుకునే లెక్కలు) చూడాలి. వాటిని చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో సాఫ్ట్‌వేర్ ఉచితం, అది చాలు. పైన పెద్ద అక్షరాలతో ‘గుడ్’ అని ఉంది. దాన్ని నమ్మి మూసేయకూడదు. ఆ మాట తేల్చేటప్పుడు కేబుల్ దోషాలను చెప్పే సీ7 వరుస లెక్కలోకి రాదు.

చూడాల్సిన వరుసలు: 05 (పాడై పక్కన పెట్టిన సెక్టార్లు), సీ5 (అనుమానంలో ఉన్నవి), సీ6 (చదవలేనివి), సీ7 (కేబుల్ మీద సీఆర్‌సీ తప్పులు, అంటే దారిలో చెడిన డేటా). ఎస్‌ఎస్‌డి కంపెనీని బట్టి వీటిలో కొన్ని ఉండకపోవచ్చు. ఈ సాఫ్ట్‌వేర్ రా విలువలను మామూలుగా హెక్సాడెసిమల్‌లో (అంకెలతో పాటు ఏ నుంచి ఎఫ్ దాకా అక్షరాలూ వాడే లెక్క) చూపిస్తుంది. ఫంక్షన్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఫీచర్ కింద రా వాల్యూస్‌ను డెసిమల్‌కు మార్చుకోవాలి, లేకపోతే ‘7ఏ6’ లాంటిది చూసి అది అంకె అని కూడా తోచదు. ఇక్కడ సీ7లో ఉన్నది సరిగ్గా అదే: 7ఏ6, అంటే 1,958. మిగతా మూడూ సున్నా.

అదే తెరపై ట్రాన్స్‌ఫర్ మోడ్ అనే చోట రెండు విలువలు పక్కపక్కన ఉంటాయి. మొదటిది ఇప్పుడు నడుస్తున్న వేగం, రెండోది చేతనైన వేగం. ఇక్కడ ‘సాటా/150’, ‘సాటా/600’. తప్పులు ఎక్కువయ్యేసరికి లింకు తనంతట తానే నాలుగో వంతు వేగానికి దిగిపోయింది.

సాటా కేబుల్ మీద పోయే ప్రతి ముక్కకూ వెనక ఒక లెక్క సరిచూసే సంఖ్య ఉంటుంది. అవతల అది సరిపోకపోతే మళ్లీ పంపించుకుంటారు, సీ7 ఒకటి పెరుగుతుంది. అందుకే ఫైళ్లు పాడవలేదు, ఆలస్యం మాత్రమే అయింది. తప్పులు వరసగా వస్తే లింకు మొత్తం రీసెట్ అవుతుంది. ఈవెంట్ 129 అదే.

డోరు తీసి చూస్తే, 2.5 అంగుళాల ఎస్‌ఎస్‌డి బ్రాకెట్ లేకుండా డబుల్ టేపుతో డ్రైవ్ కేజ్ పక్కన అంటించి ఉంది. పాత హార్డ్ డిస్క్‌కు వాడిన కేబులే దీనికీ పెట్టారు, క్లిప్ లేని నేరు కనెక్టర్. డోరు మూస్తే రేకు లోపలి వైపు కేబుల్ మొదట్లోనే తగిలి దాన్ని తొంభై డిగ్రీలు మడుస్తోంది. కనెక్టర్ వెనక కేబుల్ మీద తెల్లగా మడత గీత పడింది. ఇక సర్వీస్ టేబుల్ మీద ఎందుకు బాగుందో వేరే చెప్పక్కర్లేదు, అక్కడ డోరు తీసే ఉంటుంది.

అనుమానం ఎంత బలంగా ఉన్నా భాగం మార్చే ముందు తప్పును చేత్తో రప్పించి చూడటం మంచిది. డోరు తీసి, 10 జీబీ ఫోల్డర్‌ను అదే ఎస్‌ఎస్‌డిలో వేరేచోటికి కాపీ చేస్తే సీ7 1,958 దగ్గరే ఉంది. డోరు బిగించి అదే ఫోల్డర్ కాపీ చేస్తే మధ్యలో రెండుసార్లు నిలిచిపోయి, ముగిసేసరికి 2,003కు చేరింది. 10 జీబీయే ఎందుకంటే ర్యామ్ 8 జీబీ. అంతకంటే చిన్న ఫోల్డర్ అయితే విండోస్ ర్యామ్‌లోని క్యాష్ నుంచే చదివేసి, కేబుల్ మీద పడాల్సిన బరువు పడకుండా చేస్తుంది. ఇలాంటి పరీక్షకు ముందు డేటా బ్యాకప్ తప్పనిసరి.

వేసినవి: రెండు చివర్లా క్లిప్ ఉన్న 50 సెంటీమీటర్ల సాటా కేబుల్, డ్రైవ్ వైపు ఎల్ ఆకారపు కనెక్టర్‌తో. 2.5 నుంచి 3.5 అంగుళాలకు మార్చే బ్రాకెట్ ఒకటి, ఎస్‌ఎస్‌డిని దానికి బిగించడానికి నాలుగు ఎం3 మరలు. సాటా 3 కేబుల్ అని ప్రత్యేకంగా వెతకనక్కర్లేదు, నాణ్యత ఉన్నదేదైనా మూడు తరాలకూ పనిచేస్తుంది. పొడవు మీటరు దాటకూడదు. మిగిలిన పొడవును చుట్టి టై వేసేటప్పుడు బిగుతుగా మడవకుండా వదులుగా వంపు తిప్పాలి.

కొత్త కేబుల్‌తో ట్రాన్స్‌ఫర్ మోడ్ రెండు వైపులా సాటా/600 అయింది. సీ7 మాత్రం 2,003 దగ్గరే ఉంటుంది, అది ఎప్పటికీ సున్నాకు రాదు. కేబుల్ మార్చాక కూడా పాత అంకె కనబడుతోందని కంగారు పడొద్దు, పెరగడం ఆగిందా లేదా అన్నదే చూడాలి. ఒకవేళ ఇంకా పెరుగుతుంటే బోర్డు మీద వేరే సాటా పోర్టుకు మార్చి చూడాలి, ఆ తర్వాత పవర్ కనెక్టర్, చివరగా ఎస్‌ఎస్‌డి.

విండోస్ మరమ్మతు చివర్లో

బలవంతంగా ఆపేసిన ప్రతిసారీ సిస్టమ్ ఫైళ్లకు దెబ్బ తగిలే ప్రమాదం ఉంది. వాటిని సరిచేయడం కేబుల్ మార్చాకే. తప్పులు విసిరే దారి మీద మరమ్మతు మొదలుపెడితే అదే మధ్యలో ఆగిపోతుంది. ముందు చెక్‌డిస్క్‌ను /స్కాన్ స్విచ్‌తో నడపాలి, అది విండోస్ నడుస్తుండగానే పని చేస్తుంది. /ఆర్ స్విచ్ డిస్క్ అంతా చదువుతుంది, గంటలు పడుతుంది, ఇక్కడ అవసరం లేదు. డిస్క్ మీద నిజంగా అనుమానం ఉంటే బ్యాకప్ తీయకముందు /ఆర్ జోలికి అసలు పోకూడదు. తర్వాత అడ్మినిస్ట్రేటర్ కమాండ్ ప్రాంప్ట్‌లో డిజమ్ రీస్టోర్‌హెల్త్, దాని వెనక ఎస్‌ఎఫ్‌సీ స్కాన్‌నౌ, ఈ వరుసలోనే. ఎస్‌ఎఫ్‌సీ పాడైన ఫైళ్లను మార్చడానికి వాడుకునే నిల్వను డిజమ్ ముందుగా బాగుచేస్తుంది. ఇక్కడ ఎస్‌ఎఫ్‌సీ కొన్ని ఫైళ్లను సరిచేసింది, రెండోసారి నడిపితే ఏమీ లేవంది.

స్పీడ్ పెంచే సాఫ్ట్‌వేర్లు రెండూ తీసేశారు, ఇండెక్సింగ్ మళ్లీ ఆన్ చేశారు. విండోస్ మెమరీ డయాగ్నస్టిక్ ఒకసారి నడిపారు, ర్యామ్ బాగానే ఉంది.

చివరి పరీక్ష అంతా ఆఫీసులోనే జరిగింది: డోరు మూసి, క్యాబినెట్‌ను దాని చోట గోడవైపుకి నెట్టి, అందరూ వోచర్లు కొట్టే సమయంలోనే అకౌంట్స్ బ్యాకప్ నడిపి, సాయంత్రం గోడ స్విచ్ కట్టి. ఆ తర్వాత లాగ్‌లో 129, 153 పడలేదు. ఆఫీసులో ఒక ఫైలు మిగిల్చారు. అందులో బయోస్ పేజీల ఫొటోలు, బ్యాటరీ మార్చిన తేదీ, సీ7 విలువ 2,003, ట్రాన్స్‌ఫర్ మోడ్ ఉన్నాయి. నెలకోసారి క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో తెరిచి పోల్చుకోవాలి. సీ7 పెరిగితే కేబుల్ కదిలిందని. 05, సీ5, సీ6లలో ఏదైనా సున్నా దాటితే ఆ రోజే బ్యాకప్ తీసి కొత్త ఎస్‌ఎస్‌డికి మారడమే.